కన్ను గీటే నాణెం

ఇంగ్లండ్‌లో చదువుకునే పిల్లలు సెలవులకు ఇంటికొస్తే జేబుల్లో మిగిలిన చిల్లర టీవీ బల్ల మీదో, పూజగది గూట్లోనో చేరుతుంది. అందులో పన్నెండు పలకల పౌను బిళ్ల ఒకటైనా ఉంటుంది. దాన్ని తీసి మన ఇరవై రూపాయల బిళ్ల పక్కన పెడితే రెండూ దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి. రెండింటికీ పన్నెండు పలకలే. రెండూ నడుమ ఒక లోహం, చుట్టూ ఇంకో లోహం బిగించి చేసినవే. పౌను 8.75 గ్రాములు తూగితే మన బిళ్ల 8.54 గ్రాములు తూగుతుంది. వాళ్లది కాస్త మందం, మనది కాస్త వెడల్పు.

ట్యూబులైటు కింద రెంటినీ అటూ ఇటూ వంచినప్పుడు మాత్రం తేడా బయటపడుతుంది. పౌను మీద రాణి బొమ్మ కింద సన్నగా గీతలు గీసినట్టున్న చిన్న చోటు ఉంటుంది. ఒక వాలులో అక్కడ పౌను గుర్తు మెరుస్తుంది. మణికట్టు కొంచెం తిప్పితే ఆ గుర్తు మాయమై ‘1’ అంకె తేలుతుంది. మళ్లీ తిప్పితే మళ్లీ పౌను గుర్తు. మన ఇరవై బిళ్ల మీద ధాన్యపు కంకుల బొమ్మ, రూపాయి గుర్తు, అంకె అన్నీ పొందికగానే ఉంటాయి. ఎంత వంచినా అవే ఉంటాయి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ పూట పౌను బిళ్ల పెద్దలకు తిరిగి రాదు. పిల్లలకది ఆట వస్తువు. నాణేలు సేకరించేవాళ్లకూ చాలాకాలం అది ఆట వస్తువులాగే కనిపించింది. ఇప్పుడు బొమ్మ మారే నాణేలకు ప్రపంచమంతటా ప్రత్యేకంగా సేకర్తలున్నారు. మెరుపు చూసి కొనేవాళ్లు కొందరు, వెలను చూసి కొనేవాళ్లు ఇంకొందరు. ఈ మెరుపు అసలు ఎవరి కోసం పుట్టిందన్న సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. అది సేకర్త కోసం పుట్టలేదు. చిల్లర తీసుకునే మామూలు మనిషి కోసం పుట్టింది. ఆ మామూలు మనిషికి అక్కర ఎక్కువున్న మన దేశంలోనే అది నాణెం మీదికి రాకపోవడం విడ్డూరం.

ఈ మాయ వెనక మంత్రమేమీ లేదు. ధర్మవరం పట్టుచీర కట్టుకున్నావిడ మెట్లు దిగుతుంటే చీర ఒక అడుగులో నీలంగా, మరో అడుగులో పచ్చగా కనిపిస్తుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కావడంతో వెలుగు పడే కోణాన్ని బట్టి ఒకసారి పడుగు, ఒకసారి పేక పైకి తేలుతుంది. నెమలికంఠం రంగు అని మనం మురిసిపోయేది దీన్నే. నాణెం మీద రంగులుండవు కాబట్టి నూలుపోగుల పని లోహపు వాలులు చేస్తాయి.

రేకుల షెడ్డు కప్పును ఊహించుకుంటే ఇంకా తేలిక. రేకు మడతల్లో తూర్పు వైపు వాలులన్నిటి మీదా ఒక బొమ్మ ముక్కల్ని, పడమటి వాలులన్నిటి మీదా మరో బొమ్మ ముక్కల్ని చిత్రించారనుకుందాం. తూర్పున నిలబడినవాడికి ఒక బొమ్మ, పడమట నిలబడినవాడికి ఇంకో బొమ్మ కనిపిస్తాయి. ఆ కప్పునే చిటికెనవేలి గోరులో పట్టేంతకు కుదించి ఉక్కు అచ్చు మీద చెక్కితే, ఆ అచ్చు దెబ్బ తిన్న ప్రతి బిళ్లకూ రెండు ముఖాలు వస్తాయి. ఒక వాలు మన కంటికి వెలుగు విసిరినప్పుడు రెండోది చీకట్లో ఉంటుంది. దీన్ని లేటెంట్ ఇమేజ్ అంటారు. తెలుగులో దాగుడు బొమ్మ అనుకోవచ్చు.

చెల్లని కాసుకు గీతలెక్కువ అని మనకో సామెత. ఈ నాణేల దగ్గర అది తిరగబడింది. చెల్లే కాసుకే గీతలెక్కువ, అవీ లెక్కప్రకారం గీసిన గీతలు.

బ్రిటన్ ఈ పనికి సరదాగా దిగలేదు. 1983లో వచ్చిన గుండ్రటి పౌను బిళ్లకు దొంగ అచ్చులు ఎంతగా పుట్టుకొచ్చాయంటే, చివరి రోజుల్లో చెలామణిలో ఉన్న ప్రతి ముప్పైలో ఒకటి నకిలీదని అక్కడి టంకశాలే లెక్క చెప్పింది. దాంతో 2017 మార్చి 28న పన్నెండు పలకల బిళ్లను విడుదల చేసి, అదే ఏడాది అక్టోబరు 15తో పాత గుండ్రటి పౌను చెల్లుబాటును ఆపేశారు. కొత్త బిళ్ల వెనకవైపు బొమ్మను పోటీ పెట్టి ఎంచారు. గెలిచింది పదిహేనేళ్ల బడిపిల్లవాడు డేవిడ్ పియర్స్. అంచు లోపల కంటికి ఆనీ ఆననంత సన్నని అక్షరాలు చెక్కారు. యంత్రాలు మాత్రమే పట్టుకోగల రహస్య లక్షణాన్నీ లోపల దాచి, అదేమిటో బయటపెట్టలేదు. యంత్రానికి దాని లక్షణం దానికుంది. జనానికి మాత్రం పౌను గుర్తు, ‘1’ అంకె మారే ఆ గోరంత చోటును ఇచ్చారు.

జపాన్ కథ ఇంకా రసవత్తరం. 1982లో వాళ్లు 500 యెన్‌ల బిళ్లను రాగి, నికెల్ మిశ్రమంతో తెచ్చారు. అదే ఏడాది పక్కనున్న దక్షిణ కొరియా కూడా 500 వాన్‌ల బిళ్లను తెచ్చింది. అదే లోహం, అదే 26.5 మిల్లీమీటర్ల వెడల్పు. బరువులో మాత్రమే తేడా. జపాన్‌ది 7.2 గ్రాములైతే కొరియాది 7.7. విలువ చూస్తే కొరియా బిళ్ల జపాన్ బిళ్లలో పదో వంతు చేస్తే గొప్ప. మోసగాళ్లు కొరియా బిళ్లకు బెజ్జాలు పొడిచి, కాస్త చెక్కి, ఆ అరగ్రాము దించేశారు. దాన్ని జపాన్‌లో వీధి వీధినా ఉండే అమ్మకపు యంత్రాల్లో వేస్తే యంత్రం 500 యెన్‌లనే నమ్మింది.

ఆ దెబ్బకు 2000లో జపాన్ లోహమే మార్చేసింది. అంచు గీతల్ని ఏటవాలుగా తిప్పింది. ‘500’లోని సున్నాల పొట్టలో దాగుడు బొమ్మ పెట్టింది. వంచితే ఆ సున్నాల్లో ‘500 యెన్’ అన్న రాత కనిపిస్తుంది. 2021 నవంబరు 1న వచ్చిన రెండు రంగుల బిళ్లలో ఇంకో అడుగు ముందుకేశారు. పైనుంచి చూస్తే సున్నాల్లో జపాన్ అన్న పేరు, కిందనుంచి చూస్తే 500 యెన్ అన్న మాట. అంచు గీతల్లో కొన్నిటి ఎడం కావాలనే మార్చారు. పన్నెండు పలకలో, బంగారు పూతో కాకుండా సున్నాలోని ఖాళీని వాడుకోవడంలోనే ఆ పనితనమంతా ఉంది.

రష్యా పది రూబుళ్ల బిళ్లదీ అదే తోవ. 2000 నుంచి వస్తున్న రెండు లోహాల స్మారక నాణేల్లో ‘10’ అంకెలోని సున్నా లోపల ఒక వాలులో పది అంకె, మరో వాలులో రూబుల్ పొడిమాట కనిపిస్తాయి. 2009లో మొదలైన మామూలు పది రూబుళ్ల బిళ్లకూ అదే పెట్టారు. రూబుల్ విలువ మన రూపాయికి కాస్త అటూ ఇటూ. అంటే మన పది రూపాయల పాటి విలువ చేసే బిళ్ల మీద కూడా ఒక దేశం ఈ పని చేసింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మళ్లీ అవసరమవుతుంది.

డబ్బును చేత్తోనే పరీక్షించుకునే అలవాటు మనకు కొత్త కాదు. వెండి రూపాయి రోజుల్లో అంగట్లో కూర్చున్న పెద్దాయన రూపాయి తీసుకుంటే రాతి మీద ఎగరేసి మోగించేవాడు. ఖంగుమంటే పెట్టెలోకి, తప్పుమంటే తిరిగి చేతికి. ఆ రూపాయిలో 91.7 శాతం వెండి ఉండేది, బరువు సరిగ్గా తులం. అందుకే చాలా ఇళ్లలో అది తూకపురాయి పని కూడా చేసింది. అంతకన్నా అనుమానమొస్తే షరాబు దగ్గరికి వెళ్లేవారు. కంటితో, చెవితో, గీటురాయితో నాణేన్ని తేల్చడమే షరాబు వృత్తి. ఆ వృత్తి పోయినా తెలుగునాట ఇంటిపేర్లలో మిగిలింది.

1940లో రెండో ప్రపంచయుద్ధం నడుమ వెండి కొరత వచ్చి, రూపాయిలో వెండిని సగానికి దించారు. లోహం మారితే మోత మారుతుంది. మోత మారితే జనం చెవి మోసపోతుంది. అప్పటి టంకశాల దీనికి విరుగుడుగా బిళ్ల అంచులో గీతల నడుమ ప్రత్యేకంగా ఒక గాడి పెట్టించింది. భద్రతా అంచు అని దానికి పేరు. పాత వెండి రూపాయల్ని సేకరించేవాళ్లు ఇప్పటికీ బిళ్లను నిలబెట్టి ముందు ఆ గాడినే చూస్తారు. అంటే జనం చేతిలోని పరీక్ష ఒకటి పోయినప్పుడు ఇంకొకటి అందించాలన్న ఇంగితం ఈ దేశపు టంకశాలలకు ఎనభై ఏళ్ల కిందటే ఉంది.

ఇప్పుడు పది రూపాయల బిళ్ల దగ్గరికొద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ బిళ్ల పడ్డ పాట్లు తెలియనివాళ్లు తక్కువ. ‘ఇది చెల్లదండీ’ అన్న మాట టీ కొట్టులో, కూరగాయల బండి దగ్గర, ఆటోలో ఏళ్ల తరబడి వినిపించింది. హుండీలో వేస్తే దేవుడు తీసుకుంటాడు గానీ కిరాణా కొట్టువాడు తీసుకోడని జోకులూ పుట్టాయి. కారణం అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట. రూపాయి గుర్తు ఉన్నదే అసలుదని ఒకరు, లేనిదే అసలుదని ఇంకొకరు. పది గీతల కిరణాలున్నది మంచిదని, పదిహేను కిరణాలున్నది దొంగదని మూడో ఆయన.

నిజానికి రెండూ మంచివే. 2009లో చెలామణిలోకి వచ్చిన ఈ బిళ్లను వేర్వేరు సందర్భాల్లో వేర్వేరు నమూనాల్లో కొట్టారు. రూపాయి గుర్తు రాకముందు అచ్చయినవాటికి పదిహేను కిరణాలు, గుర్తు వచ్చాక అచ్చయినవాటికి పది. 2018 జనవరి 17న రిజర్వ్ బ్యాంకు ప్రకటన చేస్తూ, అప్పటిదాకా వచ్చిన పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని తేల్చిచెప్పింది. 14440 నంబరుకు ఫోన్ చేస్తే ఆ సంగతే రికార్డు చేసిన గొంతుతో వినిపించే ఏర్పాటూ చేసింది. చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు పైబడిన విలువగల నాణేలు వెయ్యి రూపాయల మొత్తం దాకా చెల్లుబాటవుతాయి.

ప్రకటనలొచ్చినా అనుమానం తొందరగా పోలేదు. దుకాణదారుణ్ని తప్పుపట్టి లాభం లేదు. 2016లో ఢిల్లీలో నకిలీ పది రూపాయల బిళ్లలు కొట్టే స్థావరాలను పోలీసులు పట్టుకున్న వార్త అతనూ చదివాడు. పద్నాలుగు నమూనాల్లో తన చేతికొచ్చింది ఎన్నోదో అతనికి తెలియదు. ఒక్కో గిరాకీకి ఆగి 14440కి ఫోన్ చేసే తీరికా లేదు. అతను చేయగలిగిన పరీక్ష ఒక్కటీ ఆ బిళ్ల మీద లేదు. అందుకే అతి తేలికైన పరీక్షను ఎంచుకున్నాడు: అసలు తీసుకోకపోవడం.

ఆ పద్నాలుగు నమూనాల్లోనూ ఒకే చోట, ఒకే దాగుడు బొమ్మ ఉండి ఉంటే కథ వేరేగా నడిచేది. గుర్తు ఉన్నా లేకపోయినా, కిరణాలు ఎన్నయినా, బిళ్లను ఒక్కసారి వంచితే మెరిసే అంకె ఒకటి అన్నిటికీ ఉమ్మడిగా ఉండేది. పుకారు పుట్టకుండా ఆగేదని చెప్పలేం. పుట్టిన పుకారును కొట్టు గడప దగ్గరే తేల్చుకునే వీలు మాత్రం ఉండేది.

విచిత్రమేమిటంటే ఈ పరిజ్ఞానం మనకు కొత్త కాదు. 1996లో మొదలైన మహాత్మాగాంధీ వరుస నోట్లలో బాపూ బొమ్మ పక్కనున్న నిలువు పట్టీలో దాగుడు అంకె ఉండేది. నోటును కంటి ఎత్తున అడ్డంగా పట్టి చూస్తేనే కనిపించేది. ఇప్పటి ఐదు వందల నోటులోనూ 500 అంకె అలాగే దాగి ఉంది. ఆ నోటులోని దారం వంచినప్పుడు ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. సంతలో గేదె అమ్ముకున్న రైతు కూడా నోట్ల కట్ట అందుకున్నప్పుడు ఒకటి రెండు తీసి ఎండకేసి పట్టి, అటూ ఇటూ వంచి చూడటం మామూలే. కాగితం మీద ఇంత చేసినవాళ్లు, పాతికేళ్లు గడిచినా లోహం జోలికి ఎందుకు రాలేదు?

ఖర్చు అన్నది మొదటి జవాబు. నాణేల వ్యవహారంలో ఖర్చు చిన్నమాటేం కాదు. 2018లో సమాచార హక్కు కింద ముంబై టంకశాల ఇచ్చిన లెక్క ప్రకారం పది రూపాయల బిళ్ల తయారీకి 5 రూపాయల 54 పైసలయ్యేవి. కానీ దాగుడు బొమ్మ బిళ్ల బిళ్లకూ విడిగా అతికించేది కాదు. అచ్చు మీద ఒకసారి చెక్కితే, ఆ అచ్చుతో పడే దెబ్బలన్నిటికీ అదే పని చేస్తుంది. బొమ్మకు ఎంత లోహమో, దానికీ అంతే. అదనపు ఖర్చంతా అచ్చు చెక్కడంలో, అది అరిగిపోకముందే మార్చడంలో ఉంటుంది. రష్యా పది రూబుళ్ల మీద గిట్టుబాటైన పని మన పది రూపాయల మీద గిట్టదని ముందే తీర్మానించడం సబబు కాదు.

అరుగుదల రెండో జవాబు. ఇందులో నిజముంది. చెమట జేబుల్లో, చేపల బజారు తడిలో, బస్సు కండక్టరు తోలుసంచిలో పదేళ్లు తిరిగిన బిళ్ల మీద సన్నగీతలు మొదటి రోజులా ఉండవు. దీనికి విరుగుడును జపాన్, రష్యా టంకశాలలు చూపించాయి. దాగుడు బొమ్మను అంకె పొట్టలో, చుట్టూ ఎత్తు గోడల నడుమ పెడితే రాపిడి ముందు గోడలకు తగులుతుంది. అయినా అరిగిన బిళ్ల దొంగది కాదు, అరిగినదే. నకిలీలు కొట్టేవాడు మార్కెట్లోకి దించేది కొత్త బిళ్లల్నే.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. చూపులేని వాళ్లకు ఈ మెరుపు ఏం ఉపయోగం? ఏమీ లేదు. 2019 మార్చి 7న ప్రధాని ఆవిష్కరించిన కొత్త వరుస నాణేలు వాళ్లను దృష్టిలో పెట్టుకునే వచ్చాయి. విలువ పెరిగేకొద్దీ బిళ్ల పరిమాణం, బరువు పెరిగేలా చూశారు. ఇరవై బిళ్లకు పన్నెండు పలకలు పెట్టింది వేలికి తెలియడానికే. ఇది మెచ్చుకోవలసిన పని, ఇందులో రెండో మాట లేదు. అయితే వేలి కోసం చేసిన ఏర్పాటు కంటికోసం చేసేదానికి అడ్డురాదు. పౌను బిళ్లకు పలకలూ ఉన్నాయి, దాగుడు బొమ్మా ఉంది.

సేకర్తల సంగతికొస్తే, బొమ్మ మారే నాణేలన్నీ ఒక్క జాతివి కావు. ఇక్కడే చాలామంది చేతులు కాల్చుకుంటారు. మొదటిది పైన చెప్పుకున్న దాగుడు బొమ్మ. రెండోది హోలోగ్రామ్. లోహం మీదనే వెలుగు తరంగమంత సన్నని గాళ్లు అచ్చువేస్తే తెల్లని వెలుగు ఇంద్రధనుస్సుగా విచ్చుకుంటుంది. సీడీ వెనక కనిపించే రంగుల్లాంటివే. నెమలీకలోనూ రంగు ఈకలో పూసి ఉండదు, దాని సూక్ష్మమైన అల్లికలో పుడుతుంది. హోలోగ్రఫీకి మూలసూత్రాన్ని 1947లో కనిపెట్టిన డెనిస్ గాబర్‌కు 1971లో నోబెల్ వచ్చింది. కెనడా టంకశాల 1999లో తన మాపుల్ ఆకు బంగారు నాణేల మీద ఆ విద్యను చూపించింది. పైన రంగూ లేదు, పూతా లేదు, అంతా బంగారమే.

మూడోది లెంటిక్యులర్. తిరునాళ్లలో పెరిగినవాళ్లకు ఇది చిన్ననాటి నేస్తం. ఒకవైపు నుంచి వెంకన్న, ఇంకోవైపు నుంచి అలమేలుమంగ కనిపించే జేబు బొమ్మలు, కన్ను గీటే పాప ఉన్న స్కేళ్లు ఒకప్పుడు బడి పిల్లల దగ్గర విరివిగా ఉండేవి. గోటితో గీరితే ‘గర్ర్’మనేవి. ఆ గరుకే అసలు కిటుకు. పైన ప్లాస్టిక్ పొరలో వెంట్రుకల్లా వరుసగా సన్నని కటకాలుంటాయి. కింద రెండు మూడు బొమ్మల్ని పేలికలుగా కోసి ఒకదాని పక్కన ఒకటి పేర్చి ముద్రిస్తారు. ఏ కోణం నుంచి చూస్తే ఆ బొమ్మ పేలికల్నే కటకం కంటికి చేరుస్తుంది. ఈ ఆలోచనకు పెద్ద ఊపునిచ్చిన గాబ్రియెల్ లిప్‌మన్ 1908లో కటకాల వరుసలతో ఫొటో తీసే పద్ధతిని ప్రతిపాదించాడు. అదే ఏడాది వేరే పరిశోధనకు ఆయనకు నోబెల్ దక్కింది.

లెంటిక్యులర్ నాణెం అంటే, మొహమాటం లేకుండా చెప్పాలంటే, లోహపు బిళ్ల మీద ఆ తిరునాళ్ల బొమ్మను అతికించడం. కెనడా 2010లో డైనోసార్ బొమ్మతో 50 సెంట్ల నాణేన్ని అలా తెచ్చింది. పిల్లల కోసమని తెలిసి తెచ్చింది కాబట్టి అందులో తప్పులేదు. చిక్కంతా తర్వాత వచ్చిన వెల్లువతో. పలావు, నియువె, కుక్ దీవులు, తువాలు వంటి చిన్న దేశాల పేర్ల మీద ఎక్కడో ఐరోపాలోనో, ఆస్ట్రేలియాలోనో టంకశాలలు నాణేలు కొట్టి ప్రపంచమంతా అమ్ముతాయి. వీటిలో చాలావాటిని ఆ దీవుల కొట్లలో ఎవరూ చిల్లరగా చూసి ఎరగరు. 2007లో పలావు పేరిట లూర్దు పవిత్రజలం చుక్క బిగించిన వెండి డాలరు కూడా వచ్చింది. ప్లాస్టిక్ రేకు, రంగు ముద్ర, రాయి, నీటి చుక్క: సేకర్త కట్టే డబ్బులో వెండి వాటా కొంతే. ప్లాస్టిక్ పసుపెక్కినా, జిగురు వదిలినా తిరిగి అమ్మబోతే మిగిలేది ఆ వెండి తూకమే.

అందుకని బొమ్మ మారే నాణేలు పోగుచేయాలనుకునే కుర్రాళ్లు చెలామణి బిళ్లలతో మొదలుపెట్టడమే మేలు. పౌను వంద రూపాయల పైచిలుకు. 500 యెన్ సుమారు మూడు వందలు. పది రూబుళ్లు పదీ పరకా. కెనడా రెండు డాలర్ల బిళ్ల దొరికితే 2012 తర్వాతిదై ఉండాలి. ఆ ఏడాది నుంచే దాని మీద వంచితే మారే మాపుల్ ఆకుల జంట వచ్చింది. విదేశాల్లో పిల్లలున్న తెలుగు ఇళ్లు ఇప్పుడు ఊరికి పదుంటాయి. చాలాసార్లు ఇవన్నీ అడిగితే ఊరికే దొరుకుతాయి. ఆ బిళ్లలకు ఒక్కోదానికి ఒక్కో తగువు కథ ఉంది, అవి నిజంగా చేతులు మారాయి, దొంగతో పోరాడాయి. గాజు డబ్బాలో పుట్టి గాజు డబ్బాలోనే ఉండిపోయే నాణేనికి ఆ గతం ఉండదు.

ఒక్క హెచ్చరిక మాత్రం చెప్పాలి. మన ఇళ్లలో రాగి చెంబైనా, ఇత్తడి కుందైనా నల్లబడితే చింతపండు పెట్టి తోమేయడం రివాజు. అదే చేతివాటంతో నాణేన్నీ తోమేస్తారు. పులుపుకు మురికితో పాటు లోహపు పైపొర కూడా పోతుంది. మామూలు నాణెమైతే విలువ పడిపోయి ఊరుకుంటుంది. దాగుడు బొమ్మ ఉన్నదైతే గీతల కొనలు మొద్దుబారి బొమ్మే పోతుంది. హోలోగ్రామ్‌కు పులుపు కూడా అక్కర్లేదు. వేలి జిడ్డు సన్నని గాళ్లలోకి దిగితే చాలు, రంగులు మసకబారతాయి. అంచులు పట్టుకుని చూడటం, ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో దాచడం తప్ప వేరే దారి లేదు.

బంగారం దగ్గరికొస్తే ఈ వాదన ఇంకా సూటిగా తగులుతుంది. బ్రిటన్ టంకశాల 2021 నుంచి తన బ్రిటానియా బంగారు నాణెం మీద దాగుడు బొమ్మ పెట్టింది. వంచితే త్రిశూలం తాళంకప్పగా మారుతుంది. దేవత వెనకున్న సముద్రపు అలలు కదులుతున్నట్టు కనిపిస్తాయి. చుట్టూ అతి సన్నని అక్షరాల్లో ఒక లాటిన్ మాట ఉంటుంది. ‘అలంకారమూ, రక్షణా’ అని దాని అర్థం. అంచులు కత్తిరించి వెండి దొంగిలించేవాళ్లను అడ్డుకోవడానికి 1662లో ఇంగ్లండ్ నాణేల అంచు మీద మొదట చెక్కిన మాటే అది. మన ఇళ్లలో ధనత్రయోదశికో, అక్షయ తృతీయకో కొన్న బంగారు బిళ్లను ప్లాస్టిక్ పొట్లం విప్పకుండా బీరువాలో పెడతారు. విప్పితే కొనేవాడు నమ్మడన్న భయం. నగ మీదున్న ఆరక్షరాల హాల్‌మార్క్ సంకేతాన్ని పరీక్షించాలంటే ఫోన్ తీసి యాప్ తెరవాలి. ఫోన్ వాడకం తెలియని అమ్మమ్మ చేతిలో పరీక్ష ఏదీ లేదు. మోగించే రాయి పోయింది, షరాబు పోయాడు, వాళ్ల చోటులోకి కంటికి అందే ఆనవాలు ఇంకా రాలేదు.

చేసే సత్తా లేకనా అంటే, హైదరాబాద్ టంకశాల చరిత్ర చూస్తే అలా అనిపించదు. 1803లో మూడో ఆసఫ్‌జా సికందర్ జా కాలంలో మొదలై, 1903లో సైఫాబాద్‌కు చేరి, ఆ తర్వాత చర్లపల్లికి మారిన సంస్థ అది. పాత సైఫాబాద్ ఆవరణ ఇప్పుడు ప్రదర్శనశాల. నిజాం రోజుల్లో చార్మినార్ బొమ్మను రూపాయంత చోటులో పొందికగా ఇమిడ్చిన చేతులు అక్కడివే. ఈ మధ్య తెలుగువాళ్లందరి కళ్లూ ఆ టంకశాల మీద పడింది 2023లో. ఆ ఏడాది ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన ఎన్టీ రామారావు శతజయంతి వంద రూపాయల నాణెం అక్కడే అచ్చయింది. 44 మిల్లీమీటర్ల వెడల్పు, సగం వెండి. ముఖవిలువ వందైనా అట్టపెట్టెతో కలిపి నాలుగు వేల పైనే పెట్టి కొన్నారు జనం.

బొమ్మ బాగుంది, కొన్నవాళ్లు మురిసిపోయారు. అయినా ఒక అవకాశం జారిపోయిందనిపిస్తుంది. తెలుగువాళ్లకు రాముడూ, కృష్ణుడూ ఒకే ముఖంతో గుర్తుండిపోవడానికి కారణం ఆయన. అంత పెద్ద బిళ్ల మీద ఒక వాలులో కోదండం, మరో వాలులో పిల్లనగ్రోవి మెరిసేలా నాలుగు గీతలు గీసి ఉంటే, ఆ నాణేన్ని వంచి చూడని తెలుగువాడు ఉండేవాడు కాదు. దాగుడు బొమ్మ అంటే ఏమిటో ఒక్క పూటలో రెండు రాష్ట్రాలకూ పాఠం అయ్యేది. ఎందుకంటే ఈ లక్షణానికి ఉన్న అసలు బలహీనత ఒకటుంది. అది ఉందని జనానికి తెలియకపోతే అది లేనట్టే. ఐదు వందల నోటులో దాగిన అంకెను ఎప్పుడైనా వెతికి చూశారా అని నలుగురిని అడిగితే ఆ సంగతి అర్థమవుతుంది.

స్మారక నాణేలు టంకశాలలకు ప్రయోగశాలలు కావచ్చు. తక్కువ సంఖ్యలో కొడతారు, అచ్చు అరుగుదల భయం ఉండదు, కొనేవాళ్లు భూతద్దం పట్టుకుని చూస్తారు. లోపం ఉంటే వాళ్లే ముందు పసిగడతారు. అక్కడ కుదిరినదాన్ని తర్వాతి వరుస పది, ఇరవై బిళ్లల్లోకి దించడం వరసైన పద్ధతి. దానితోపాటు నమూనాలు ఎన్ని మారినా దాగుడు బొమ్మ చోటూ, తీరూ మారకూడదన్న నియమం పెట్టుకోవాలి. పది బిళ్ల గొడవంతా నమూనాలు మారడం వల్ల వచ్చిందే కదా.

చోటు లేదని చెప్పడానికి వీల్లేదు. ఇరవై రూపాయల బిళ్ల మీద ‘20’ అంకెలోని సున్నా పొట్ట ఖాళీగానే ఉంది. హైదరాబాద్‌లో అచ్చయినదైతే సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటుంది. ఆ నక్షత్రం కోసమే బిళ్లల్ని ఏరుకునే సేకర్తలున్నారు. కొట్టువాడి చేతిలో పడ్డప్పుడు మాత్రం దాన్ని చూసేవాడు లేడు. ఈ లోపు పూజగది గూట్లోని పౌను బిళ్లను ఇంటికొచ్చిన చుట్టాల పిల్లాడు మళ్లీ తీశాడు. కిటికీ దగ్గరికెళ్లి వంచి చూసి, పక్కనున్న ఇరవై బిళ్లను కూడా అలాగే వంచి, ‘ఇందులో ఏం రావట్లేదేంటి తాతయ్యా?’ అంటున్నాడు.